ఎడమ బూట్ల అల్మారా

గోడకు కొట్టిన మేకు కూడా సుత్తి దెబ్బలు ఓర్చుకుంటుంది. ఆ తర్వాత తనకు తగిలించిన తడి కోటు బరువు కూడా ఓర్చుకుంటుంది. అంతమాత్రాన మేకుకు గొప్ప నిరీక్షణ ఉందని ఎవరూ సాక్ష్యం చెప్పరు.

మేస్త్రీ భార్య ఎన్నో ఏళ్ళుగా మోస్తున్న అనుమానం ఇది. ఆదివారం మందిరంలో కష్టాలూ శ్రమల మాట వచ్చినప్పుడల్లా పాస్టరు అయ్యగారు, ప్రభువునందు నిరీక్షణ, అంటే గట్టి ఆశ, ఉన్నవాళ్ళకే ఓర్పు వస్తుందని చెప్పేవారు. ఆమె అందరితోపాటు ఆమేన్ అనేది. అంటూనే లోపల, "వేరే గతి లేక చచ్చినట్టు ఓర్చుకుంటున్నాం గానీ, ఇందులో నిరీక్షణ ఎక్కడుంది?" అనుకునేది. అలా అనుకున్నందుకు వెంటనే క్షమించమని అడిగేది. పై ఆదివారం మళ్ళీ అనుకునేది.

అయ్యగారినే అడిగితే పోయేది. కానీ ఆయన మరీ మంచి మనిషి. ఒకసారి చెప్పింది అర్థం కాలేదని తెలిస్తే ఇంటికొచ్చి చెప్తారు. అప్పటికీ అర్థం కాకపోతే ఇంకో ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని వస్తారు. ఇంట్లో ఉన్నవి రెండే కుర్చీలు. అందుకని ఆమె ఆ అనుమానాన్ని ఎవరికీ చెప్పకుండా తన దగ్గరే ఉంచుకుంది.

ఆమె భర్త బూట్లు కుట్టే మేస్త్రీ. ముందు గది షాపు, వెనక రెండు గదులు ఇల్లు, మధ్యలో ఒక తలుపు. మేస్త్రీకి తండ్రి నేర్పిన పద్ధతి ఒకటుంది: ఏది చేసినా జతగా చేయాలి. రెండు బూట్ల తోలూ ఒకే చర్మంలోంచి ఒకేసారి కోయాలి. రెండోది పూర్తికాకుండా పీట మీంచి లేవకూడదు. ఒంటి వస్తువు చేయడం పని చేతకానివాడి లక్షణం. ఎవరైనా ఒక్క బూటు పారేసుకుని వచ్చి ఇంకోటి చేసిపెట్టమంటే, "రెండోది కూడా పారేసుకుని రండి, చేస్తాను" అనేవాడు. బేరం పోయినా పద్ధతి పోనిచ్చేవాడు కాదు.

ఒకరోజు ఇనప కమ్మీల లారీ ఒకటి సందులోంచి వెనక్కి వస్తూ షాపు మెట్టుదాకా వచ్చేసింది. మెట్టు మీద నిలబడి తోలును ఎండకు పట్టి చూస్తున్న మేస్త్రీ ఎడమ కాలు, లారీకీ గోడకీ మధ్య ఉండిపోయింది. ఎదురుగా తాళాలు బాగుచేసే ఆయన పరుగెత్తుకొచ్చి, తన నడుముకున్న బెల్టు ఊడదీసి, మేస్త్రీ తొడ చుట్టూ బిగించి కట్టాడు. ఆ బెల్టు కట్టకపోతే కాలు గురించి మాట్లాడుకోవాల్సిన పనే ఉండేది కాదని ఆస్పత్రిలో చెప్పారు. మనిషి బతికాడు. కాలు మోకాలి పైదాకా తీసేశారు. బెల్టును కత్తెరతో కోసి ఎక్కడ పడేశారో ఎవరికీ తెలియదు.

మేస్త్రీకి తెలివి వచ్చాక మొదట చూసింది తాళాలాయననే. ఆయన ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని మంచం పక్కన నిలబడి ఉన్నాడు.

"బావా, నీ బెల్టు పోయిందటగా. నేను చేసిస్తాను" అన్నాడు మేస్త్రీ.

అని ఊరుకోకుండా, కట్టు కట్టగా మిగిలిన గుడ్డ పీలిక ఒకటి అడిగి తీసుకుని, పడుకున్నచోటి నుంచే తాళాలాయన నడుము కొలత తీసి ముడివేశాడు. ఇంటికొచ్చాక ఆ పీలికను షాపు గోడకున్న మేకుకు తగిలించాడు. తాళాలాయన అప్పటికి నడుముకు ఒక తాడు కట్టుకున్నాడు.

మేస్త్రీకి కృత్రిమ కాలు ఒకటి ఇచ్చారు. అది ఒరుసుకుని పుండు పడుతోందని తలుపు వెనక గొడుగు పక్కన నిలబెట్టాడు. వాన పడినప్పుడు మాత్రం అది ఎవరికైనా కనబడేది. చంకకర్రలతో తిరగడం అలవాటు చేసుకున్నాడు. కుడి బూటు అరిగినప్పుడల్లా తనకోసం కొత్త జత కుట్టుకునేవాడు. కుడిది కాలికి తొడుక్కునేవాడు. ఎడమదానికి కూడా అంతే శ్రద్ధగా పాలిష్ పట్టి అల్మారాలో పెట్టేవాడు.

మొదట్లో ఇది దుఃఖం వల్ల వచ్చిన చాదస్తం అనుకుంది భార్య. ఒకటి రెండు జతలయ్యాక మానేస్తాడులే అనుకుంది. అల్మారాలో పై అర నిండింది. రెండో అర మొదలైంది.

"ఎందుకండీ ఇవన్నీ?" అని ఒకనాడు అడిగింది.

"కాలొచ్చాక వేసుకోవడానికి."

"ఎప్పుడొస్తుంది?"

"ప్రభువు మనల్ని సమాధుల్లోంచి లేపినప్పుడు" అన్నాడు మేస్త్రీ, సాయంత్రం బస్సు సంగతి చెప్పినట్టు.

ఆయన ఎడమ పాదానికి చేసిన చెక్క అచ్చు ఒకటి ఉంది. అచ్చంటే తోలును దాని మీద సాగదీసి బూటు రూపం తెచ్చే చెక్క పాదం. మేస్త్రీకి లేని పాదం ఇప్పుడు ఆ చెక్కలో మాత్రమే ఉంది. దాన్ని గుడ్డలో చుట్టి అల్మారా అడుగున దాచాడు. ఒకసారి అయ్యగారు వచ్చినప్పుడు అది కూడా చూపించాడు.

"ఇది దేనికయ్యా దాచావు?" అని అడిగారు అయ్యగారు.

"కొలతకండీ. కాలు తిరిగిచ్చేటప్పుడు తేడా రాకూడదు కదా."

"దేవుడు కొలతలు మర్చిపోడు మేస్త్రీ."

"ఆయన మర్చిపోడండీ. కొత్త పనివాడికి ఎవరికైనా అప్పజెప్తారేమోనని."

అయ్యగారు నవ్వాలో ప్రార్థన చేయాలో తేల్చుకోలేక ప్రార్థన చేశారు. ఆ ప్రార్థన మామూలుకన్నా చిన్నదిగా ఉంది.

ప్రతి శనివారం ఆ ఎడమ బూట్లన్నిటికీ దుమ్ము దులపడం భార్య పని. ఏదో ఒక శనివారం ఏడుపు వచ్చేది. ఏదో ఒక శనివారం కోపం వచ్చేది. ఎక్కువ శనివారాలు మాత్రం తుమ్ములు వచ్చేవి.

తాళాలాయన రోజూ షాపు ముందు ఆగి అడిగేవాడు.

"నా బెల్టేదోయ్ బావా?"

"చేస్తానన్నానుగా."

"అన్నావు, అన్నావు" అని నడుము దగ్గర తాడు సర్దుకుని వెళ్ళిపోయేవాడు.

మేస్త్రీ ఎందుకు చేయలేదంటే, బెల్టు ఒంటిది. దానికి జత లేదు. పీట మీద కూర్చుని తోలు చేతిలోకి తీసుకునేవాడు, ఒక్కటే బద్ద కోయాలనేసరికి చెయ్యి ఆడేది కాదు. ఇంతలో ఎవరో బూట్లకు వచ్చేవారు. ఇలా కొన్ని నెలలు జరిగితే బద్ధకం అంటారు. ఏళ్ళు జరిగేసరికి అదొక మర్యాద అయిపోయింది. ఆయన అడగడం, ఈయన చేస్తాననడం, ఇద్దరికీ అది లేకపోతే తోచేది కాదు.

అలా కాలం గడుస్తుండగా మేస్త్రీ కుడి కాలికి చీల దిగింది.

అడుగు తోలుకు కొట్టే చిన్న చీలే. బూటులోకి ఎలా వచ్చిందో, ఎన్నాళ్ళుందో తెలియదు. మేస్త్రీకి షుగరు ఉంది, అరికాలికి స్పర్శ తగ్గింది. భార్య మేజోడు ఉతుకుతుంటే మరక కనబడింది. ఊరందరి బూట్లలో చీలలు వెతికి పీకేవాడి బూటులోనే చీల ఉందంటే నమ్మడానికి ఆయనకు కొంతసేపు పట్టింది. భార్య దాన్ని పట్టకారుతో లాగి ముందు పెట్టాక, "మనది కాదు. మనం ఇంత నాసి చీలలు వాడం" అన్నాడు.

డాక్టరమ్మ పుండు చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. డాక్టర్లు మాట్లాడకపోతే వచ్చే భయం వేరు.

"ఈ కాలి మీద అణువంత బరువు కూడా పడకూడదు" అంది చివరికి. "దిండు మీద ఎత్తిపెట్టి కూర్చోవాలి. రోజూ కట్టు మార్చాలి. నెలలు పట్టొచ్చు."

"కూర్చుంటే నయమైపోతుందాండీ?" అడిగింది భార్య.

"కూర్చుంటే నయం కావచ్చు. నిలబడితే మాత్రం కాలు పోతుంది. అది ఖాయం."

ఉన్నదే ఒక కాలు. చంకకర్రలతో నడిచినా బరువంతా దాని మీదే పడుతుంది. అంటే నడవడమే కూడదు. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టయింది. షాపు తలుపు మూసేశారు. మేస్త్రీ వెనక గదిలో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, రెండో కుర్చీ మీద దిండు వేసి కాలు పెట్టాడు. అయ్యగారొస్తే కూర్చోవడానికి ఇంట్లో కుర్చీ లేకుండా పోయింది.

మొదటి వారం ఎలాగో కూర్చున్నాడు. రెండో వారం కాలుగాలిన పిల్లిలా తయారయ్యాడు. ఉన్నచోటి నుంచి కదలకుండానే ఆ పని ఎలా చేశాడో చూసినవాళ్ళకే తెలియాలి. ఫ్యాను తిరిగే శబ్దం బాగాలేదన్నాడు. భార్య నడిచే శబ్దం బాగాలేదన్నాడు. ఆవిడ చెప్పుల మడమ వంకర అరిగిందని, అది శబ్దంలోనే తెలుస్తోందని, ఇటివ్వు బాగుచేస్తానని గొడవపెట్టాడు. చెప్పు బాగుచేయాలంటే దాన్ని ఉన్న పాదంతో పీటకు అదిమి పట్టుకోవాలి. ఆ వీలు లేదని తెలిసి, ఇచ్చిన చెప్పు కోపంగా తిరిగి ఇచ్చేశాడు.

మూడో వారంలో ఆమె బజారు నుంచి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. దిండు కింద పడి ఉంది. షాపులో సుత్తి చప్పుడు వినిపిస్తోంది. మేస్త్రీ చంకకర్ర ఆనుకుని, ఉన్న ఒక్క కాలి మీద బల్ల ముందు నిలబడి, ఎవరివో సగంలో ఆగిన బూట్లకు అడుగులు కొడుతున్నాడు. నేల మీద మచ్చలున్నాయి. కట్టు తడిసి ఎర్రబడింది.

డాక్టరమ్మ ఈసారి వెంటనే మాట్లాడింది. "ఇంకొక్కసారి నిలబడితే నా దగ్గరకు తీసుకురాకండి. కాళ్ళు తీసే డాక్టరు పై అంతస్తులో ఉంటాడు. నేరుగా అక్కడికే తీసుకెళ్ళండి."

ఇంటికొచ్చాక ఆమె కాలు దిండు మీద పెట్టి, ఎదురుగా నేల మీద కూర్చుంది.

"లేని కాలు కోసం ఇన్నేళ్ళ నుంచీ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. ఉన్న కాలు కోసం మూడు వారాలు కూర్చోలేరా? ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట! మీ సంగతి అలాగే ఉంది."

మేస్త్రీ కిటికీలోంచి బయటికి చూశాడు. అక్కడ చూడటానికి ఎదురింటి గోడ తప్ప ఏమీ లేదు.

"అది వేరే, ఇది వేరే."

"ఏం వేరే?"

"ఆ కాలు ఖాయం. ఆయన ఇస్తానన్నాడు, ఇస్తాడు. ఖాయమైనదాని కోసం ఎన్నాళ్ళైనా కూర్చోవచ్చు. ఈ కాలికేమో డాక్టరమ్మ 'కావచ్చు' అంది. కావచ్చు అంటే కాకపోవచ్చనేగా? ఏమో అన్నదాని కోసం ఎలా కూర్చోనే? ఎలాగూ పోయేదైతే, ఉన్నన్నాళ్ళు నిలబడి నాలుగు జతలు కుట్టుకుంటే అదైనా మిగులుతుంది."

ఆయన చెప్పింది తప్పని ఆమెకు తెలుస్తోంది కానీ ఎక్కడ తప్పో తెలియడం లేదు. వంటింట్లోకి వెళ్ళి, అవసరం లేకపోయినా గిన్నెలు తోమింది. ఒక గిన్నెను రెండుసార్లు తోమింది. కాలు పోతే ఎలా అన్న మాట నోట్లోకి రాకుండా గిన్నె మీదే చూపు పెట్టింది.

మర్నాడు పొద్దున్నే తాళాలాయనను పిలిచి, ఇంటికీ షాపుకీ మధ్యనున్న తలుపుకు తాళం బిగించమంది.

"మంచి తాళమా, మామూలుదా?" అడిగాడాయన.

"మీ బావ తెరవలేనిది."

"నేల మీద పాక్కుంటూ వచ్చి తెరవలేనిదా, నిలబడి తెరవలేనిదా? దాన్నిబట్టి ఎత్తు చూసుకోవాలి."

"ఎలా వచ్చినా తెరవలేనిది."

లోపల నుంచి మేస్త్రీ గొంతు వినిపించింది. "నా ఇంట్లో నన్నే జైల్లో పెడుతున్నారట! బావా, నువ్వు మనిషివేనా? నీకు బెల్టు చేసిస్తానన్నవాణ్ణి!"

"అందుకే బావా, నీ కాలి మీద నాకు శ్రద్ధ" అన్నాడు తాళాలాయన, మరలు బిగిస్తూ.

ఆయన గొంతుక్కూర్చుని పనిచేస్తుంటే చొక్కా పైకి లేచింది. నడుము దగ్గర తాడు కనిపించింది. దాని కింద చర్మం నల్లగా గీతకట్టి ఉంది. మేస్త్రీ భార్య ఆ తాడును రోజూ చూస్తూనే ఉంది. గీతను మాత్రం ఇప్పుడే చూసింది.

"అన్నయ్యా, ఒకటడుగుతాను, ఏమనుకోకు. బజార్లో బెల్టులు దొరక్కనా ఇన్నేళ్ళ నుంచీ ఈ తాడు?"

"దొరక్కేం? మా షాపు పక్కనే వేలాడదీసి అమ్ముతాడు. రోజూ నా మొహానికే తగులుతుంటాయి."

"మరి?"

"బావ చేసిస్తానన్నాడుగా."

"ఎప్పటి మాట అది!"

"ఎప్పటిదైతే ఏం? అన్నాడా లేదా?"

"అన్నారు."

"మీ ఆయన మాటిచ్చి తప్పడం నువ్వెప్పుడైనా చూశావా?"

ఆమె నిజాయితీగా ఆలోచించింది. భర్త మీద ఆమె దగ్గర చాలా ఫిర్యాదులున్నాయి. ఎంత వెతికినా ఇది వాటిలో లేదు.

"ఆలస్యం చేస్తారు. తప్పరు."

"అదీ సంగతి. ఇస్తాడో ఇవ్వడో అనుకుంటే ఆ వారమే కొనుక్కునేవాణ్ణి చెల్లెమ్మా. ఇస్తాడని తెలుసు కాబట్టే తాడు కట్టుకున్నా. నాకేదో తాళ్ళంటే ఇష్టమనుకున్నావా? ఎండాకాలం నిప్పులా మండుతుంది."

"మంట పుట్టినప్పుడు ఏమనుకుంటావు?"

"మీ ఆయన్ని తిట్టుకుంటా" అన్నాడు తాళాలాయన. "తిట్టుకుని, ఎలాగూ బెల్టొస్తుంది కదా, ఇంకో రోజు చూద్దాం అనుకుంటా. ఆ స్క్రూ ఇటందుకో."

ఆమె స్క్రూ అందించింది. ఆయన బిగించాడు, తాళం వేశాడు, తీశాడు, తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, "నా బెల్టేదోయ్ బావా?" అని లోపలికి ఒక కేక వేసి వెళ్ళిపోయాడు.

ఆమె కొత్త తాళం ముందు కాసేపు నిలబడింది. మేకు గుర్తొచ్చింది. మేకుకు ఎవరూ ఏమీ ఇస్తామనలేదు. కొట్టారు కాబట్టి ఉంది. ఈయనా తాడుతో ఉన్నాడు, కానీ ఈయనకు ఒకరు మాటిచ్చారు. బయటి నుంచి చూస్తే ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. కదలకుండా, ఏమీ చేయకుండా. కానీ తాళాలాయన రోజూ వచ్చి అడుగుతాడు. మేకు అడగదు.

దేవుణ్ణి తన భర్తతో పోల్చడం పాపమేమో అని ఒక సందేహం వచ్చింది. ఇద్దరికీ ఆలస్యం చేయడంలోనే పోలిక అని సర్దిచెప్పుకుని లోపలికి వెళ్ళింది.

మేస్త్రీ కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు.

"ఏవండీ, ఆయన ఎడమ కాలు ఒక్కటే ఇస్తానన్నాడా?"

"ఎవరు?"

"ఎవరైతే ఇస్తానన్నాడని అల్మారా నింపుతున్నారో ఆయన."

మేస్త్రీ దిండు మీద కాలు సర్దుకున్నాడు.

"మనిషిని లేపుతానన్నాడా, కాలును లేపుతానన్నాడా? మీరే చెప్పండి, మీకు తెలిసినంత నాకు తెలియదు."

"మనిషినే."

"మరి ఈ కాలు మీది కాదా? పోతే అదెక్కడికి పోయిందో ఇదీ అక్కడికే పోతుంది. ఇచ్చేవాడు రెండూ కలిపి ఇస్తాడు. డాక్టరమ్మ చెప్పిన 'కావచ్చు' ఇప్పటి సంగతి. చివరి సంగతి కావచ్చు కాదుగా. అది ఖాయమన్నది మీరే."

"నీకేం, చెప్తావు. రెండు కాళ్ళూ లేకుండా కూర్చోవాల్సింది నేను."

"మీరే. మిమ్మల్ని ఎత్తి కూర్చోబెట్టాల్సింది నేను. నా నడుం సంగతి మీకు తెలుసు."

"కుడి బూట్లు కూడా పెట్టాల్సి వస్తే అల్మారా చాలదు" అన్నాడు మేస్త్రీ.

"ఇంకోటి చేయిద్దాం."

"వడ్రంగి టైముకివ్వడు."

"మనకేం తొందర?"

మేస్త్రీకి నవ్వు వచ్చింది. వచ్చిన నవ్వును మీసం కింద దాచే ప్రయత్నం చేసి, కుదరక వదిలేశాడు. తర్వాత మొహం మళ్ళీ మామూలుగా అయింది.

"నీకు భయం లేదుటే?"

"ఎందుకు లేదు? ఉంది. రాత్రంతా అదే పని. భయం ఉన్నవాళ్ళు కూర్చోకూడదని ఎక్కడా లేదుగా?"

ఆయన చాలాసేపు తన కాలి వంక చూశాడు. పరాయివాళ్ళ బూటు బాగుచేయడానికి వస్తే చూసినట్టు చూశాడు. తర్వాత అన్నాడు:

"షాపులో కుడివైపు మూల, నల్ల తోలు చుట్ట ఉంటుంది. అది తీసుకురా. కత్తి, ఆరె, మైనం పూసిన దారం కూడా. గోడకు మేకుకు ఒక గుడ్డ పీలిక వేలాడుతుంటుంది, అది."

"మళ్ళీ మొదలుపెట్టారా!"

"బూట్లు కాదే. బూటుకు కాలు కావాలి. బెల్టుకు ఒళ్ళో పలక ఉంటే చాలు."

ఆమె తాళం తీసి, అన్నీ తెచ్చి, మళ్ళీ తాళం వేసి, తాళంచెవి కొంగున ముడివేసుకుంది. నమ్మకం నమ్మకమే, తాళం తాళమే.

ఆ రోజు నుంచి మేస్త్రీ కూర్చున్నాడు. సంతోషంగా కూర్చున్నాడని అనలేం. ఫ్యాను శబ్దం ఇంకా బాగాలేదు. ఎదురింటి గోడ ఇంకా అక్కడే ఉంది. పుండు కడిగినప్పుడు పైకి మూలగకపోయినా, ఆ పూటంతా భార్య వంటకు వంకలు పెట్టేవాడు. కానీ లేవలేదు. ఒళ్ళో పలక పెట్టుకుని, తోలును బద్దగా కోసి, అంచు నునుపు చేసి, ఆరెతో కన్నం పొడిచి దారం లాగేవాడు. తొందరేం లేదు కాబట్టి కుట్లు చీమల బారులా ఉన్నాయి. ఒక బద్ద అయ్యాక ఆగి, ముందుకూ వెనక్కూ తిప్పి చూశాడు. ఏదో వెలితి. మిగిలిన తోలు తీసుకుని రెండోది కోయడం మొదలుపెట్టాడు.

"ఎవరికండీ అది?"

"బావకే."

"ఒక నడుముకు రెండు బెల్టులా?"

"ఒంటిది చేసిస్తే మా నాన్న ఏమంటాడు? రేపు లేచాక మొహం చూపించాలా వద్దా?"

అయ్యగారు వచ్చి మంచం అంచున కూర్చుని ప్రార్థన చేశారు. నయం చేయమని అడిగారు, నయం కాకపోతే ధైర్యం ఇమ్మని అడిగారు. మేస్త్రీ భార్య ఆమేన్ అంది. అన్న తర్వాత లోపల ఆ పాత అనుమానం వినిపిస్తుందేమోనని ఒక క్షణం ఆగి చూసింది. ఏమీ వినిపించలేదు.

పుండు పూడుతూ వచ్చింది గానీ చిటికెన వేలు నల్లబడింది. దాన్ని తీసేయక తప్పలేదు. పై అంతస్తులో తీసి, కింది అంతస్తుకు పంపారు. డాక్టరమ్మ కట్టు విప్పి, అరికాలు నొక్కి, అటూ ఇటూ తిప్పి చూసి, "కాలు మిగిలింది. మెల్లగా నిలబడొచ్చు" అంది. ఆమె మొహం ఎప్పటిలాగే ఉంది. మేస్త్రీ భార్య మాత్రం ఆ మాట విని, ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని, చంకకర్రలు రెండూ ఒళ్ళో పెట్టుకుని, వాటికేసి చూస్తూ ఏడ్చింది. మేస్త్రీ కంగారుపడి, "ఊరుకోవే. వేలే కదా పోయింది, కుడి కాలి అచ్చులో ఉంది" అన్నాడు.

ఇంటికొచ్చిన మర్నాడు ఆమె కొంగుముడి విప్పి మధ్య తలుపు తెరిచింది. షాపులో తోలు వాసన, దుమ్ము వాసన కలిసి ఉన్నాయి. మేస్త్రీ మెల్లగా వెళ్ళి పీట మీద కూర్చున్నాడు. తాళాలాయన ఎదురు షాపులోంచి చూసి, సందు దాటి వచ్చి, మెట్టు దగ్గర ఆగాడు.

"నా బెల్టేదోయ్ బావా?"

"ఇదిగో" అన్నాడు మేస్త్రీ.

తాళాలాయన కంగుతిన్నాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నకు ఈ జవాబు ఎప్పుడూ రాలేదు. అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి వెళ్ళబోయి, ఆగి, చేయి చాపాడు. బెల్టును వెలుతురులో పట్టుకుని చూశాడు. వాసన చూశాడు. కుట్ల మీద బొటనవేలు నడిపాడు. చొక్కా పైకెత్తి, తాడు విప్పి, బెల్టు నడుము చుట్టూ తిప్పి కొస ముందుకు లాగాడు.

కొస బకిల్ దాకా రాలేదు. జానెడు దూరంలో ఆగిపోయింది.

ముగ్గురూ ఆ జానెడు ఖాళీని చూశారు.

"కొలత సరిగ్గానే ఉందే!" అన్నాడు మేస్త్రీ, ఆస్పత్రి నాటి గుడ్డ పీలిక తీసి పక్కన పెట్టి చూపిస్తూ.

"ఎప్పటి కొలతండీ అది! మనిషి పొట్ట చూడరా?" అంది భార్య.

"పెద్దవాళ్ళ పాదం మళ్ళీ పెరగదు. ఒకసారి తీసిన కొలత చచ్చేదాకా పనికొస్తుంది."

"అది పాదం కాదండీ, నడుం!"

మేస్త్రీ ఆలోచించాడు. ఇన్నేళ్ళ పనిలో ఈ తేడా తనకు ఎప్పుడూ తట్టలేదు. తాళాలాయన ఊపిరి లోపలికి పీల్చి ఇంకోసారి లాగి చూశాడు. ఊపిరి బిగబట్టి మాట్లాడటం కష్టం కాబట్టి ఏమీ అనకుండా మొహం ఎర్రగా చేసుకుని నిలబడ్డాడు.

మేస్త్రీ పీట కింది నుంచి రెండో బెల్టు తీశాడు. దాని కొసను మొదటిదాని బకిల్లోకి దూర్చి, రెండిటినీ కలిపి తాళాలాయన నడుము చుట్టూ తిప్పి, ముందువైపు బిగించాడు. మిగిలిన కొస నడుము చుట్టూ ఇంకో సగం చుట్టు తిరిగింది. సరిగ్గా కూర్చుంది.

"చూశారా, అందుకే ఏది చేసినా జత చేయాలంటారు" అన్నాడు.

తాళాలాయన ఊపిరి వదిలాడు. ప్యాంటు జారలేదు. చేతులు రెండూ పక్కకు వదిలి, నాలుగడుగులు అటు వేశాడు, నాలుగడుగులు ఇటు వేశాడు. ముందొక బకిల్, పక్కనొక బకిల్ మెరుస్తున్నాయి.

"ఇంక రేపటి నుంచి నిన్నేం అడగాలి బావా?" అన్నాడు. గొంతులో కొంచెం దిగులుంది.

"ఏమీ అడక్కు. ఊరికే రా."

తాళాలాయన తల ఊపి, విప్పిన తాడును చుట్ట చుట్టి, అటూ ఇటూ చూసి, ప్యాంటు జేబులో పెట్టుకుని మెట్టు దిగాడు. మేస్త్రీ భార్య అది చూసింది. తన పెట్టెలోనూ మధ్య తలుపు తాళంచెవి ఇంకా ఉంది.

ఆ రోజు శనివారం. ఆమె గుడ్డ తీసుకుని అల్మారా దగ్గరకు వెళ్ళింది. ఎడమ బూట్లకు దుమ్ము దులపాలి.